బొటనవేళ్ల వాక్యం

పాశ్చాత్య నాగరికత ప్రపంచానికి మేలే ఎక్కువ చేసిందని మూడు పేజీలు, కీడే ఎక్కువ చేసిందని మూడు పేజీలు, రెండూ ఒకే ఆదివారం రాశాను. మేలు పొద్దున్నే రాశాను. కీడు అన్నం తిన్నాక రాశాను. రెండు వైపులా నేనే గెలిచాను.

సిద్దిపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే గెస్ట్ లెక్చరర్‌గా మూడేళ్లు పనిచేశాను. ముప్పై నిండకముందే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం నవ్వు తెప్పించే పనే. ఇవి పదవీ విరమణ చేసి, శాలువా కప్పించుకున్నవాళ్లు రాయాల్సినవి. నాకు ఎవరూ శాలువా కప్పలేదు. మూడో ఏడు చివర కాంట్రాక్టు కాగితం మళ్లీ రాలేదు, అంతే. అయినా ఈ సంవత్సరం కొత్తగా గెస్ట్ లెక్చరర్లుగా చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చదువుతారని రాస్తున్నాను. మీ బల్ల మీదికి కూడా త్వరలో డిబేట్ పోటీ సర్క్యులర్ ఒకటి వస్తుంది.

జిల్లా స్థాయి డిబేట్. ప్రతి కాలేజీ నుంచి ఇద్దరు, ఒకరు అనుకూలం, ఒకరు ప్రతికూలం. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, తర్వాత న్యాయనిర్ణేతల ప్రశ్నలు. పాశ్చాత్య నాగరికత మొత్తం మీద తీర్పు చెప్పడానికి నాలుగు నిమిషాలు సరిపోతాయని సర్క్యులర్ రాసినవారికి నమ్మకం ఉన్నట్టుంది. అందులో రాయని నియమం ఒకటుంది, అది అందరికీ తెలుసు. ప్రసంగం మేడమో సారో రాసివ్వాలి. పిల్లలు బట్టీ పట్టాలి. పిల్లలు వాళ్లంతట వాళ్లు రాసుకొస్తే "ఆ మేడం ఏం పని చేస్తున్నట్టు?" అంటారు.

నాకు ఆ పని ఇష్టంగా ఉండేదని ఒప్పుకోవాలి. నాకు నలుగురిలో నోరు పెగలదు. స్టాఫ్ రూంలో చాయ్ చల్లారిందని కూడా చెప్పలేను. క్లాసులో బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పేదాన్ని. కానీ పన్నెండేళ్ల వయసు నుంచి డైరీ రాస్తున్నాను, కనిపించిన పుస్తకమల్లా చదువుతాను. కాగితం మీద నేను వేరే మనిషిని. నా మాటలు ఇంకొకరి గొంతులోంచి మైకులో వినిపిస్తుంటే, వెనక వరుసలో తలవంచుకుని కూర్చుని వినడం నాకు రహస్యమైన పండుగ.

"ఏం మేడం, ఈసారి కప్పు మనకే రావాలె" అన్నారు ప్రిన్సిపాల్ సార్, సర్క్యులర్ నా చేతిలో పెట్టి. "గట్టిగ రాయున్రి. చప్పట్లు పడాలె."

అనుకూలంగా మాట్లాడటానికి మిరుదొడ్డి నుంచి వచ్చే అమ్మాయిని ఎంచుకున్నాను. గలగలా మాట్లాడుతుంది, ఎవరికీ భయపడదు. ప్రతికూలానికి చిన్నకోడూరు నుంచి వచ్చే అమ్మాయి. ఇద్దరూ ఫైనలియర్ పిల్లలు. రెండో అమ్మాయి గురించి కొంచెం చెప్పాలి. వాళ్లది మగ్గం పని కుటుంబం. తండ్రి మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. ఇంట్లో మాట చెల్లేది తాతకు. ఈ అమ్మాయికి హైదరాబాదులో చరిత్రలో ఎం.ఏ. చదవాలని కోరిక. తండ్రి ఫోనులో "తాత ఊ అంటే నాదేమున్నది" అన్నాడట. తాత మాత్రం ఊ అనలేదు, ఊహూ అనీ అనలేదు. "సరే, నీ మాటల పోటీకి వచ్చి సూస్త. సదువుల ఏం నేర్సుకున్నవో గప్పుడు తెలుస్తది" అన్నాడు. అంటే మిగతా అందరికీ అది కప్పు పోటీ. ఆమెకు మాత్రం ఆ నాలుగు నిమిషాల మీద ఎం.ఏ. ఆధారపడి ఉంది. ఇది ఆమె నాకు ముందే చెప్పింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మొదటి రిహార్సల్ రోజు అనుకూలం కాగితం చదివి వినిపించాను. టీకాలు, అచ్చు యంత్రం, రైలు, రాజును కూడా నిలదీయవచ్చన్న ఆలోచన అన్నీ ఉన్నాయి. చివర, ప్రపంచానికి పడమటి దేశాలు ఇచ్చిన అన్నిటికన్నా పెద్ద కానుక ఆధారం చూపమని అడిగే అలవాటు అని రాశాను.

మిరుదొడ్డి అమ్మాయి కిసుక్కున నవ్వింది. "ఆధారం అడుగుడు మా అవ్వకు ఎవలు నేర్పిన్రు మేడం? నేను లేటుగొస్తే బస్సు టికెట్టు సూపెట్టమంటది. టైం కూడ సూస్తది."

నవ్వాను. ఆ వాక్యం మాత్రం తీయలేదు. బాగా వచ్చిన వాక్యాన్ని తీయడం నాకు చేతకాదు.

చిన్నకోడూరు అమ్మాయి తన సొంత కాగితం ఒకటి తెచ్చింది. నోట్‌బుక్ నుంచి చింపిన పేజీ, రెండు వైపులా రాసి ఉంది. అందులో ఉన్నది ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ల తాత చిన్నప్పుడు, ఆ ఇంట్లోకి మొదటి మిల్లు చీర తెచ్చింది ఆయన తల్లే. నేసేవాడి భార్య బొంబాయి మిల్లు చీర కొనుక్కుంది. తేలికగా ఉంటుంది, తడిస్తే తొందరగా ఆరుతుంది, పొలం పనికి పోయే మనిషికి అదే సుఖం. భర్త మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో నెల ఆయనే మిల్లు నూలు తెచ్చుకున్నాడు, తెగదు, పని తొందరగా సాగుతుందని. ఆ తర్వాత మగ్గానికి పని తగ్గింది. చివరికి మనవడు, అంటే ఈ అమ్మాయి తండ్రి, భివండి పోయి మిల్లు లాంటి మగ్గం మీదే కూలికి నిలబడ్డాడు.

"గీడ మేలేంది, కీడేంది అంటే మా ఇంట్లనే తేలలే మేడం" అంది. "మిల్లు ఉపాయం వాళ్లది, మిల్లు మనోళ్లది, చీర కొన్నది మా ముత్తవ్వ. ఎవల్ని అనాలె? గదే చెప్తా అనుకున్న."

ఆ పేజీ ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఏడాది నేను చదివిన పుస్తకాలన్నిటిలో లేని విషయం అందులో ఉందనిపిస్తుంది. ఆ రోజు నాకు కనిపించింది వేరు. ప్రతికూలంగా మాట్లాడే మనిషి ఎదుటివారికి సందు ఇవ్వకూడదు. ముత్తవ్వ చీర కొనుక్కుందంటే మన వాదం బలహీనపడుతుంది. పైగా చప్పట్లు పడవు.

"ఇది బాగుంది గాని, డిబేట్‌కు పనికిరాదమ్మా" అన్నాను. మెల్లగానే అన్నాను. నేను ఎవరినీ గట్టిగా అనను. మెత్తగా కొట్టివేస్తాను.

దాని బదులు నా మూడు పేజీలు ఇచ్చాను. మూడో పేజీలో ఆ వాక్యం ఉంది: "మా సిద్దిపేట నేతగాళ్ల బొటనవేళ్లు తెగిపడిన చోటనే వాళ్ల మిల్లుల పొగగొట్టాలు లేచాయి."

ఆంగ్లేయులు నేతగాళ్ల వేళ్లు నరికించారన్న మాట మీరూ వినే ఉంటారు. నేను చదివినంతలో దానికి గట్టి ఆధారం లేదు. బెంగాల్‌లో పట్టునూలు తీసేవాళ్లు బలవంతపు పని తప్పించుకోవడానికి తమ వేళ్లు తామే కోసుకున్నారని ఒక పాత రాత ఉందని, అదే నోళ్లు మారి ఇలా అయిందని చదివాను. ఆ సంగతి తెలిసే రాశాను. అంతటితో ఆగక, బెంగాల్ అంటే ఇక్కడి వాళ్లకు దూరమవుతుందని, దాన్ని సిద్దిపేటకు తెచ్చి పెట్టాను. చిత్తుప్రతిలో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఆధారం?" అని రాసుకున్నాను. సాఫు రాసేటప్పుడు ఆ పెన్సిల్ మాట చెరిపేశాను.

ఆమె చదివి ఆగిపోయింది. "మేడం, గిది నిజమేనా?"

"నిజమే."

"మా తాత ఎన్నడు చెప్పలే మరి."

"అన్నీ ఇంట్లో చెప్పుకోరు కదమ్మా."

పోటీకి ముందురోజు మళ్లీ అడిగింది. కారిడార్‌లో, ఎవరూ లేనప్పుడు, నాకు ఇబ్బంది కలగకుండా. "మేడం, గా వేళ్ల ముచ్చట పుస్తకంల ఉన్నది గదా?"

"ఉంది" అన్నాను. ఆ ఒక్కమాట అనడానికి నాకు సిగ్గు అడ్డురాలేదు.

పోటీ ఇంకో కాలేజీ సభాభవనంలో జరిగింది. ఎండ, ఫ్యాన్ల చప్పుడు, స్టీలు గ్లాసుల్లో మజ్జిగ. మూడో వరుసలో తాత కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజం మీద కండువా. పక్కన ఎవరో కుర్రవాళ్లు ఫోను చూస్తుంటే, "బందువెట్టు నాయినా, మా పిల్ల మాట్లాడుతది" అన్నాడు. నేను రెండో వరుస చివర ఉన్నాను, స్టేజీకి ఎదురుగా.

మిరుదొడ్డి అమ్మాయి ముందు మాట్లాడి అదరగొట్టింది. తర్వాత చిన్నకోడూరు అమ్మాయి. మొదటి పేజీ తడబడకుండా చెప్పింది. రెండో పేజీలో కరువులు, నీలిమందు, పత్తి. మూడో పేజీ. బొటనవేళ్ల వాక్యం దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది. అయినా హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు నావి. ఆ క్షణంలో ఎంత సంతోషపడ్డానో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. వెనక్కి తిరిగి చూశాను. అందరూ కొడుతున్నారు. తాత చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

న్యాయనిర్ణేతల్లో ఒకరు రిటైరైన చరిత్ర సార్. పెద్దాయన. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్క మాట అడుగుత. మా సిద్దిపేట నేతగాళ్ల వేళ్లు తెగినయ్ అన్నవ్ గదా. ఎవలు కోసిన్రు?"

"ఇంగ్లీషోళ్లు సార్."

"ఇంగ్లీషోళ్లు గీడ రాజ్యం ఎప్పుడు చేసిన్రమ్మా? గిది నిజాం రాజ్యం గదా."

ముందు వరుసల్లో నవ్వులు. తర్వాత హాలంతా.

ఇది డిగ్రీ మొదటి ఏడు పిల్లలకు నేను చెప్పే పాఠం. నేనే చెప్పే పాఠం. బెంగాల్ కథను బస్సెక్కించి సిద్దిపేటలో దింపేటప్పుడు, మధ్యలో నిజాం సంస్థానం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

"సరే, నాకు తెల్వనిది ఉండొచ్చు" అన్నాడు పెద్దాయన, నవ్వులు తగ్గాక. "ఏ పుస్తకంల ఉన్నదో చెప్పు. చదువుకుంట."

ఆమె నా వైపు చూసింది.

లేచి "అది నేను రాసిచ్చాను సార్, తప్పు నాది" అనాలి. ఆరు మాటలు. లెక్కపెట్టుకున్నాను, అప్పుడు కాదు, తర్వాత చాలాసార్లు. ఆ క్షణంలో నేను బ్యాగు జిప్పు తీశాను. అందులో వెతకడానికి ఏమీ లేదు. నీళ్ల సీసా పట్టుకుని, మూత తిప్పుతూ తలవంచుకున్నాను. చూడకపోయినా వినిపించింది.

"పుస్తకం లేదు సార్. నేనే సరిగ చూసుకోలే. తప్పైంది."

"తప్పైందంటే అయిపోదు బిడ్డా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అదే బాధ. "కష్టపడ్డోళ్ల మీద లేనిది చెప్తే, రేపు వాళ్ల ఉన్న కష్టం చెప్పినా ఎవ్వలు నమ్మరు."

"సార్, ఒక్క నిమిషం ఇయ్యున్రి. మా ఇంటి ముచ్చట ఒకటి..."

గంట కొట్టారు. సమయం అయిపోయింది. తర్వాతి పేరు పిలిచారు.

మిరుదొడ్డి అమ్మాయికి రెండో బహుమతి వచ్చింది. కప్పు పట్టుకుని ప్రిన్సిపాల్ సార్ ఫొటో దిగారు. "ఒక్క వైపన్న గెలిచినం మేడం" అన్నారు నాతో. "ఆ రెండో పిల్ల సొంత తెలివి చూపెట్టింది. లేకుంటే ఫస్టే." నేను నవ్వినట్టు ముఖం పెట్టాను.

బయట గేటు దగ్గర తాత, మనవరాలు ఆటో కోసం నిలబడ్డారు. నేను పక్కనుంచి పోబోతే తాత పిలిచాడు.

"పంతులమ్మా, గా వేళ్ల ముచ్చట పిల్లకు ఎవలు చెప్పిన్రు?"

ఇక్కడ జనం లేరు, మైకు లేదు. నలుగురిలో మాట్లాడలేనన్న సాకు కూడా లేదు. ఒక ముసలాయన, ఒక అమ్మాయి, నేను. అయినా నా నోట్లోంచి వచ్చింది ఇది: "నేను చివరిసారి చూసుకోలేదు తాతా. చూడాల్సింది."

గమనించండి, అందులో అబద్ధం అనదగ్గ ముక్క ఒక్కటీ లేదు. ఆ వాక్యం ఆమె రాసుకుందని, నేను దిద్దడం మరిచానని అర్థం వచ్చేలా పేర్చాను. రాయడం తెలిసినవాళ్ల పని అది.

ఆమె నన్ను చూడలేదు. రోడ్డు వైపు చూసింది.

"గట్లనా" అన్నాడు తాత. ఆటో వచ్చింది.

ఇది రాయడం మొదలుపెట్టే ముందు, ఆ నాటి డైరీ పేజీ తీసి చూశాను. రెండు వాక్యాలున్నాయి. "ఎండ బాగా ఉంది. మజ్జిగ ఇచ్చారు." ఎవరూ చదవని, చదవడానికి వీల్లేని పుస్తకంలో కూడా నిజం రాయలేదు. మొహమాటం అని ఇన్నేళ్లు నేను ముద్దుగా పిలుచుకున్న దానికి అసలు పేరు ఆ పేజీలో కనబడింది. పిరికితనం.

తర్వాత ఆమె క్లాసుకు వచ్చేది. హాజరు పలికేది. ప్రశ్నలు అడగడం మానేసింది. ఎం.ఏ. దరఖాస్తు తేదీ గడిచిందని మిరుదొడ్డి అమ్మాయి చెప్పింది. "ఎయ్యలే మేడం. అడిగితే మాట మారుస్తది." తాతే ఆపాడనుకున్నాను. తాతతో మాట్లాడాలని చాలాసార్లు అనుకున్నాను. పరీక్షలు అయ్యాక, మూల్యాంకనం అయ్యాక, వానలు తగ్గాక అనుకున్నాను. ఉద్యోగం పోయాక, ఇక అడ్డు పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడాది గడిచి మళ్లీ దరఖాస్తుల కాలం వచ్చినప్పుడు ఒకరోజు చిన్నకోడూరు బస్సెక్కాను.

తాత అరుగు మీద ఉన్నాడు. అమ్మాయి లోపల చీరకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసి, మళ్లీ పనిలో కూర్చుంది. నేను దారిలో కాగితం మీద రాసుకుని వచ్చాను, అది బ్యాగులోనే ఉండిపోయింది. ఎలాగో చెప్పాను. వాక్యం నేనే రాశానని, అబద్ధమని తెలిసే రాశానని, గేటు దగ్గర కూడా మిమ్మల్ని తప్పుదోవ పట్టించానని, ఆమెను చదువుకు పంపండని.

తాత అంతా విన్నాడు. తొందరపెట్టలేదు.

"నాకు గా దినమే ఎర్కైంది బిడ్డా" అన్నాడు. "పిల్ల చెప్పలే. సార్ అడిగినప్పుడు నా మనవరాలు ఎవలి దిక్కు చూసిందో చూసిన. నువ్వు సీసా మూత తిప్పుడు చూసిన."

"మరి ఎందుకు ఆపారు తాతా?"

"నేనెందుకు ఆపుత? పోవే అన్న. అదే పోనన్నది."

లోపలికి చూశాను. ఆమె తలెత్తలేదు. సూది మాత్రం ఆగింది.

"ఏమన్నదో ఎర్కేనా?" అన్నాడు తాత. "గన్ని పుస్తకాలు సదివిన మేడమే నోరు తెరవలే, నేను సదివి ఏం నేర్సుకుంట తాతా, అన్నది. దానికి నేనేం చెప్పాలె? నాకు సదువు రాదాయె."

పాశ్చాత్య నాగరికత మీద ఆరు పేజీలు రాసిన మనిషి దగ్గర ఆ పిల్ల ప్రశ్నకు ఒక్క మాట లేదు. "క్షమించు" అన్నాను, ఆమె వైపు తిరిగి.

ఆమె దారం కొరికి, చీర మడిచి పక్కన పెట్టింది. "తాతకు చెప్పిన్రు, మంచిదే మేడం. కాని తాతకు ముందుగాలనే ఎర్కనాయె. ఎర్క లేనిది గా హాల్ల కూసున్నోళ్లకు. మన కాలేజోళ్లకు. బస్సుల గిప్పటికీ 'ఏమే, వేళ్లు మంచిగున్నయా?' అంటరు. నవ్వుకుంట ఊకుంట."

"నేనేం చేయాలి ఇప్పుడు?"

"గాడ చెప్పున్రి. మాట్లాడుడు రాకుంటే, మీకు రాసుడన్న వస్తది గదా."

"రాస్తే, దరఖాస్తు వేస్తావా?"

"గది నా ఇష్టం మేడం" అంది. కోపంగా కాదు. "మీరు రాసుడు, నేను పోవుడు, రెండు ముడి వెయ్యకున్రి."

ఇది జరిగి పదిరోజులైంది. ఆమె దరఖాస్తు వేసిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. అడిగే హక్కు ఈ వ్యాసం అచ్చయ్యాక కూడా నాకు రాదు.

ఎవరి పేరూ రాయలేదు. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లకు పేర్లు అక్కర్లేదు, ఎవరి గురించో తెలుస్తుంది. వాళ్లకు చెప్పేది ఇంతే: ఆ వాక్యం నాది. అబద్ధమని తెలిసి రాసిచ్చాను. నిజమేనా అని ఆమె రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ నిజమేనన్నాను. ఆమె చెప్పాలనుకున్నది ముత్తవ్వ చీర సంగతి. దాన్ని కొట్టివేసింది నేను.